పంచాంగంలో లెట్టీ బొమ్మ

మా అన్నయ్య ఆల్వా ప్రూయిట్ అంగడి అమెరికాలోని మిస్సోరీలో, ఒక చిన్న ఊళ్లో, రైలు స్టేషనుకు ఎదురుగా ఉండేది. ఒకవైపు పిండి బస్తాలు, కాఫీ గింజలు, బెల్లపు పాకం పీపా, ఉప్పుచేపలు, కిరసనాయిలు. రెండోవైపు గాజు తలుపుల బీరువాలో మందు సీసాలు. కాలేయానికొకటి, నరాలకొకటి, ఆడవాళ్ల నీరసానికొకటి, పళ్లొచ్చే పసివాళ్ల ఏడుపుకొకటి. డాక్టరుండేది పన్నెండు మైళ్ల అవతల. అందుకని ఉప్పు కోసం వచ్చినవాళ్లే మందూ అడిగి పట్టుకుపోయేవాళ్లు. నేను పెళ్లి చేసుకోలేదు. వదిన పోయేనాటికి వాళ్ల కూతురు లెట్టీకి నాలుగేళ్లు. దాన్ని పెంచడానికి వచ్చి, అక్కడే పంచదార తూస్తూ ఉండిపోయాను.

లెట్టీకి పంతొమ్మిదో ఏట దగ్గు పట్టుకుంది. ఫిబ్రవరిలో జేబురుమాలులో నెత్తురు చూశాను. డాక్టర్ బీల్ వచ్చి, దాని వీపు మీద చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. తర్వాత అన్నయ్యను పెరట్లోకి తీసుకెళ్లి, మంచి గాలి, పాలు, గుడ్లు అన్నాడు. ఇంకేమీ లేదా అని అన్నయ్య అడిగితే, చేతిలో ఉన్న టోపీ అంచు సవరించుకున్నాడట.

డాక్టరు బండి మలుపు తిరిగిందో లేదో, అన్నయ్య బీరువా తెరిచి హాల్వర్స్‌బీ సిరప్ సీసా తీశాడు. క్షయకు, దగ్గుకు, ఛాతీ నొప్పికి అని దాని మీద రాసి ఉండేది. పదేళ్లుగా ఊరందరికీ అమ్ముతున్నాడు గానీ, అంతవరకూ ఒక్క సీసా ఇంట్లోకి తెచ్చినవాడు కాదు.

వారం తిరక్కుండా దగ్గు తగ్గింది. లెట్టీకి నిద్ర పట్టింది. ఒకరోజు తనంతట తానే అంగట్లోకి వచ్చి కాఫీ మర తిప్పుతూ నిలబడింది.

“అత్తా, మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కేశాను, తెలుసా” అంది.

నేను పీపా వెనక్కి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చాను.

ఆ నెలలోనే సిరప్ కంపెనీ మనిషి ఆర్డరు కోసం వచ్చాడు. సంగతి విని, రెండు ముక్కలు రాసివ్వమని, ఒక ఫొటో ఉంటే ఇంకా మంచిదని లెట్టీని అడిగాడు. వాళ్లు ఏటా అచ్చువేసి ఊరూరా ఉచితంగా పంచే పంచాంగంలో వేస్తారట. చంద్రుడి రోజులు చూసి విత్తనాలు వేసుకోవడానికి ప్రతి ఇంట్లోనూ మేకుకు వేలాడేసుకునే పుస్తకం అది. లెట్టీ మహా సంబరపడిపోయింది. నా లేసు కాలరు అడిగి పెట్టుకుని ఫొటో తీయించుకుంది.

“చూస్తూ ఉండత్తా, పెళ్లికొడుకులు రైలెక్కి వస్తారు. నాకు నచ్చనివాణ్ణి నీకిచ్చేస్తాలే” అని ఏడిపించింది.

ఉత్తరం తన చేత్తోనే రాసింది. చచ్చిపోతాననుకున్నాననీ, ఇప్పుడు మెట్లెక్కుతూ పాడుతున్నాననీ, జబ్బుపడ్డ వాళ్లెవరూ ఆశ వదులుకోవద్దనీ.

ఆరు వారాలు అలా గడిచాయి. ఏప్రిల్లో ఒక్కసారిగా కూలిపోయింది. డాక్టర్ బీల్ ఈసారి సీసా చేతిలోకి తీసుకుని, లేబులు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నది చదివి వినిపించాడు. నల్లమందు. అది దగ్గును నొక్కేస్తుందే గానీ రోగం జోలికి పోదనీ, లోపల ఊపిరితిత్తులు కరిగిపోతూనే ఉంటాయనీ చెప్పాడు. జూన్ తొమ్మిదిన లెట్టీ పోయింది.

నవంబరులో రైల్లో కట్ట వచ్చింది. మూడు వందల పంచాంగాలు. అన్నయ్య తాడు కోసి పైపుస్తకం తెరిచాడు. నేను చిక్కుళ్లు కొలుస్తున్నాను. బేరానికొచ్చిన హోబర్ట్ యాన్సీ, లెట్టీ శవపేటిక మోసినవాళ్లలో ఒకడు, అన్నయ్య భుజం మీదుగా తొంగిచూసి టోపీ తీశాడు. ఏడో పేజీలో నా లేసు కాలరుతో లెట్టీ నవ్వుతోంది. కింద దాని పేరు, మా ఊరి పేరు.

అన్నయ్య మూడు వందలూ పొయ్యిలో వేశాడు. మందు సీసాలన్నీ నేలమాళిగలోకి దించాడు. కంపెనీకి ఉత్తరం రాశాడు. కంపెనీ చాలా మర్యాదగా జవాబిచ్చింది. సానుభూతి తెలిపింది. పుస్తకాలు ఇప్పటికే లక్షల్లో వెళ్లిపోయాయంది. వెంట పన్నెండు సీసాల పెట్టె ఉచితంగా పంపింది.

ఆ తర్వాత లెట్టీ పేరిట ఉత్తరాలు రావడం మొదలైంది. టెక్సస్ నుంచి, ఒహాయో నుంచి, నేను పేరు కూడా వినని ఊళ్ల నుంచి. నిజమేనా, అమ్మాయీ? ఎన్ని చెంచాలు తాగావు? నెత్తురు పడటం ఎప్పుడాగింది? మా తమ్ముడికి ఇరవై రెండేళ్లు. అన్నయ్య ఒక్కొక్కరికీ జవాబు రాసేవాడు. మా అమ్మాయి చనిపోయింది, ఆ మందు కొనకండి అని. ముప్పైకి పైగా రాశాడు. తిరిగి ఒకే ఒక్క ఉత్తరం వచ్చింది. వేరే మందు కంపెనీ వాళ్లు నీకెంతిచ్చి ఇలా రాయిస్తున్నారు అని.

మార్చిలో ఒక మధ్యాహ్నం రైల్లోంచి ఒకామె దిగి తిన్నగా అంగట్లోకి వచ్చింది. పేరు ఐవా స్టర్డివెంట్. ముప్పై ఏళ్లుంటాయేమో. ఒంటి మీద కోటు మేకుకు తగిలించినట్టు వేలాడుతోంది. బుట్టలోంచి పంచాంగం తీసి బల్ల మీద పరిచింది.

“ఈ అమ్మాయి మీ అమ్మాయేనా అయ్యా?”

అన్నయ్య అవునన్నాడు.

“రెండు రోజులు ప్రయాణం చేసొచ్చాను. నేనేమీ అడగను. ఒక్కసారి కళ్లారా చూసి వెళ్లిపోతాను.” మాట పూర్తయ్యేసరికి దగ్గు తెర వచ్చింది. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, తగ్గాక దాన్ని చూడకుండానే మడిచి దాచుకుంది. “మా ఊళ్లో ఇద్దరు ఈ సిరప్ తాగి కూడా పోయారు. అందుకని మా ఆయన కొనివ్వనంటున్నాడు. బతికున్న మనిషిని చూశానని చెప్తే వింటాడు.”

అన్నయ్య ఆమె ముఖంలోకి చూశాడు. నిజం చెప్తాడని నేను కాచుకుని ఉన్నాను.

“పెళ్లయిందమ్మా” అన్నాడు. “మొగుడితో ఒరెగాన్ వెళ్లిపోయింది. అక్కడ గాలి మంచిది. బాగానే ఉంది.”

ఆమె బల్ల అంచు పట్టుకుని మెల్లగా కుర్చీలో కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వింది. అన్నయ్య నేలమాళిగలోకి దిగి నాలుగు సీసాలు తెచ్చి, పాత పత్రికల్లో చుట్టి బుట్టలో పెట్టాడు. డబ్బు పుచ్చుకోలేదు. రైలొచ్చేదాకా ఆమె లెట్టీ గురించి అడుగుతూనే ఉంది, అన్నయ్య చెబుతూనే ఉన్నాడు. ఇల్లు చిన్నదట, వెనక ఆపిల్ తోటట.

రైలు కదిలాక నేను ఊరుకోలేకపోయాను. జీవితంలో అన్నయ్యను కేకలేసింది ఆ ఒక్కరోజే. చచ్చిన బిడ్డను అడ్డం పెట్టి ఇంకో ప్రాణం తీస్తావా అన్నాను.

“అంగడంతా వెతుకు డెల్ఫా” అన్నాడు. “ఆమెకివ్వడానికి ఇంకేముందో చూపించు. పాలా, గుడ్లా?”

ఐవా ఏప్రిల్లో ఉత్తరం రాసింది, దగ్గు సగం తగ్గిందని. ఆ తర్వాత రాయలేదు. అన్నయ్య ఇక ఎవరి ఉత్తరమూ విప్పలేదు. సీసాలు మళ్లీ బీరువాలోకి ఎక్కాయి. ఊళ్లోవాళ్లు కొంటూనే ఉన్నారు. లెట్టీ పోయిందని తెలిసినవాళ్లే.

వేసవిలో, అన్నయ్య పిండి బస్తాలు దించుకోవడానికి వెళ్లిన పూట, ఒకతను పంచాంగం పట్టుకుని వచ్చాడు. భార్య ఎదురుగా స్టేషను బల్ల మీద కూర్చుని ఉంది. కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. ఈసారి నేను అబద్ధమాడదలుచుకోలేదు.

“ఆ పిల్ల నా మేనకోడలయ్యా. చచ్చిపోయింది. అది రోగానికి మందు కాదు, దగ్గు వినపడకుండా చేస్తుందంతే.”

అతను కిటికీలోంచి స్టేషను బల్ల వైపు చూశాడు.

“ఎన్నాళ్లు బాగుంది?”

“ఆరు వారాలు.”

“ఆ ఆరు వారాలూ పడుకుందా? దగ్గకుండా?”

“పడుకుంది” అన్నాను.

“అయితే రెండు ఇవ్వండి.”

బీరువా తెరిచి ఇచ్చాను. అరపౌను బిస్కెట్లు కూడా అడిగాడు, రైల్లో ఆమె తినడానికి. మెత్తబడనివి చూసి ఏరి, తూచి, పొట్లం కట్టాను.