విలన్ మెడలో ఐడీ కార్డు

"ఇంట్లోనే ఉన్నవ్ గదా హైమా, నువ్వే కుట్టెయ్యరాదు?" అన్నాడు విక్రాంత్, ఫోన్లోంచి తలెత్తకుండానే.

పిల్లలు వేషాలేసే హాలోవీన్ పండక్కి డ్రెస్సు గురించి ఆ మాట. ఆన్‌లైన్లో చూస్తే పండగ వెళ్లిపోయాక వస్తుందట పార్సిలు. కూతురు స్నిగ్ధకి ఐదేళ్లు, అది విలన్ వేషం వేసి తీరతానని భీష్మించుకుని కూర్చుంది. సరే, కుడుతుంది. కుట్టడానికేం! హైమావతికి ఒళ్లు మండింది డ్రెస్సు గురించి కాదు, ఆ "ఇంట్లోనే ఉన్నవ్ గదా" గురించి. మార్చిలో కరోనా వచ్చి అన్నీ మూతపడ్డప్పటి నుంచి పాలయిపోయినా అదే మాట, పోస్టువాడు బెల్లు కొట్టినా అదే మాట, పిల్లకి ముక్కు కారినా అదే మాట. మొగుడు మాత్రం ఎక్కడున్నాడు? ఆయనా ఇంట్లోనే. పడకగది తలుపేసుకుని, చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని, పొద్దస్తమానం ఇంట్లోనే. అయినా ఆయనుంటే ఆఫీసులో ఉన్నట్టు, ఈమె ఉంటే ఖాళీగా ఉన్నట్టు. ఈ లెక్క ఎవరు కట్టారో గానీ అత్తగారి దగ్గర్నుంచి అందరికీ కంఠతా వచ్చు.

నిజానికి హైమకి ఉద్యోగం లేకపోలేదు. జర్మనీలో ఈ కార్ల్స్‌రూహె ఊళ్లోనే, ట్రాముల బ్రేకుల్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ని ల్యాబులో పెట్టి పరీక్షించే పని. ఆ టెస్ట్ బెంచిని మోసుకొచ్చి వంటింట్లో పెట్టుకోవడం కుదరదు కాబట్టి, కీటా, అదే చిన్నపిల్లల బడి, మూసేసి పిల్ల ఇంట్లో కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు మానుకోవాల్సి వచ్చింది. "నా ప్రాజెక్ట్ క్రిటికల్ల ఉంది" అన్నాడు విక్రాంత్. బ్రేకులు పడటం క్రిటికల్ కాదు కాబోలు! అప్పుడు ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. జీతం లేని సెలవు, ఇక్కడివాళ్లు ఎల్టెర్న్‌సైట్ అంటారు, అక్టోబరు ఆఖరుదాకా పెట్టింది. ఆ ఆఖరు రోజు ఇవాళే, శనివారం. కీటా తెరిచి చాలా రోజులైంది. సోమవారం పొద్దున ఆమె మళ్లీ ల్యాబుకి వెళ్లాలి. ఆ సోమవారం కోసమే ఆమె ఇన్నాళ్లూ పళ్ల బిగువున నెట్టుకొచ్చింది.

ఆ సోమవారానికి ఎవరో గొయ్యి తవ్వుతున్నారని ఆమె అనుమానం.

ఆడదానికి మొగుడి మీద అనుమానమంటే అందరికీ ఒకటే గుర్తొస్తుంది. అదేం కాదు. అంత ఓపిక విక్రాంత్‌కి లేదు. వారం రోజుల నుంచి అతను మరీ మంచివాడైపోయాడు, అదీ భయం. అడక్కుండా కాఫీ కలిపి తెస్తున్నాడు. "ఎంత అలసిపోయినవ్ హైమా, మొహం చూడు ఎట్లయిందో" అంటున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మొహం అతనికి ఇప్పుడే కనపడిందా? ఫోనొస్తే బాల్కనీలోకి వెళ్లి గాజుతలుపు జరుపుతున్నాడు, బయట చలికి వణుకుతూ మరీ. కరీంనగర్ నుంచి అత్తగారు బాలామణి వీడియో కాల్ చేస్తే తండ్రీకూతుళ్లిద్దరూ లోపలికెళ్లి మాట్లాడుతున్నారు. హైమ గదిలో అడుగుపెట్టగానే పిల్ల నోరు టక్కున మూసుకుంటోంది. ల్యాబులో ఏ షిఫ్టు వేశారో చెప్పమని మేనేజర్ రవీంద్రనాథ్‌కి మెసేజ్ పెడితే చూసినట్టు నీలం గీతలు పడ్డాయి, జవాబు లేదు. పెళ్లి పందిరి కింద కూడా ఆఫీసు మెయిళ్లు చూసుకునే మనిషి ఆయన!

"నీకు ఊరికే డౌట్లు. ఇంట్ల కూసుని కూసుని బుర్ర పాడైతున్నది" అన్నాడు విక్రాంత్, అడిగితే. అనుమానపడే ఆడదానికి బుర్ర పాడైందని చెప్పడం కంటే తేలికైన జవాబు ఇంకోటి లేదు. రెండు రోజులు ఆమె నిజంగానే తన బుర్రని అనుమానించింది కూడా. తల్చుకుంటే తన మీద తనకే జాలేసింది.

మధ్యాహ్నం గిన్నెలు కడిగి, పాత నల్ల షిఫాన్ చున్నీ, సూది, కత్తెర ముందేసుకుని హాల్లో నేల మీద కూర్చుంది. విక్రాంత్ నిద్రపోతున్నాడు. స్నిగ్ధ ఎదురుగా బాసింపట్టు వేసుకుని పని చేయించడానికి తయారైంది.

"ఇదిగో, ఇలా భుజాల మీంచి వేలాడుతుంది. తలకి కొమ్ములు పెడదామా? ఎర్ర అట్టతో?"

"నైన్ మామా. కొమ్ములొద్దు." వద్దంటే నైన్, అమ్మంటే మామా, అంతా కీటాలో నేర్చిన జర్మనే.

"మరి కోరలు?"

"కోరలు బేబీలకి. నా విలన్‌కి బ్యాగ్ ఉంటది. నీ బ్యాగ్ లాంటిది, లాప్‌టాప్ పెట్టుకునేది."

పిల్లల తిక్క అనుకుంది హైమ. కార్న్‌ఫ్లేక్స్ అట్టపెట్టె కత్తిరించి, నల్లరంగు పూసి, రిబ్బను తగిలించి బ్యాగు చేసింది. అది చూసి స్నిగ్ధ సంబరపడిపోయింది.

"ఇప్పుడు మెడలో కార్డ్. ఫోటో ఉండాలె. అండ్ లిప్‌స్టిక్. అండ్ టక్ టక్ షూస్."

హైమ చేతిలో కత్తెర నిలిచిపోయింది. కొమ్ముల్లేవు, కోరల్లేవు. మెడలో ఐడీ కార్డున్న విలన్ ఎవరమ్మా?

"ఈ విలన్ ఏం చేస్తుందే?" అంది, గొంతు మామూలుగా ఉంచడానికి చాలా కష్టపడుతూ. "తెలిస్తే డ్రెస్సు ఇంకా బాగా కుడతాగా."

"ఆఫీస్ పోతది. పాప లేవకముందే పోతది. పాపకి ఫీవర్ వచ్చినా రాదు. పాప ఒక్కతే కీటాల చీకటయ్యేదాకా కూర్చుంటది. విలన్‌కి పాప కన్నా ఆఫీసే లీబర్, ఆఫీసే ఎక్కువిష్టం."

"ఎవరు చెప్పారీ కథ?"

స్నిగ్ధ తలుపు వైపు చూసింది. తర్వాత తల్లి చెవి దగ్గరికొచ్చింది. "గెహైమ్నిస్. సీక్రెట్. నాన్న చెప్పిండు. నానమ్మ కూడా. సోమవారం నేను ఏడ్వాలె. షూస్ వేసుకునేటప్పుడు మస్తు ఏడ్వాలె. నానమ్మ ఏమన్నదో తెలుసా? 'ఏడ్వు బిడ్డా, నువ్వేడిస్తె మీ అమ్మ పోదు' అన్నది. నేను ప్రాక్టీస్ చేసిన మామా. చూస్తవా?"

చూపించింది కూడా. పెదవి వంకర తిప్పి, కళ్లు నలిపి, ఎంత చక్కగా ఏడ్చిందో! ఏడ్చి, వెంటనే నవ్వింది, బాగుందా అన్నట్టు.

ఇన్నాళ్లూ హైమ ఏదేదో ఊహించింది గానీ, తన కూతురి కన్నీళ్లకి రిహార్సల్ చేయిస్తున్నారని మాత్రం ఊహించలేదు. ఈ పిల్లకే జ్వరమొస్తే రాత్రంతా గుండెల మీద వేసుకుని తిరిగింది తను. ఆటలాడించింది, జర్మన్ పాటలు నేర్చుకుని మరీ పాడింది, స్టవ్ మీద చెయ్యి కాల్చుకుంటూ అడిగిందల్లా వండిపెట్టింది. ఆ చేత్తోనే ఇప్పుడు తన బొమ్మనే విలన్‌గా కుట్టుకుంటూ కూర్చుంది. పిల్ల మీద కోపం రాలేదు, దానికేం తెలుసు పాపం. ఏడుపు మాత్రం తన్నుకొచ్చింది. వెనక్కి మింగింది. ఆ ఇంట్లో ఇవాళ్టికి ఏడ్చిన ఏడుపు చాలు.

లేచి వెళ్లి పడకగది తలుపు బార్లా తీసింది. లైటేసింది. విక్రాంత్ కళ్లు నులుముకుంటూ లేచేలోపు రవీంద్రనాథ్‌కి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది.

"ఆఁ, చెప్పమ్మా హైమావతీ."

"సోమవారం నా షిఫ్ట్ ఏదండీ?"

"అదేంటమ్మా? నీకు వచ్చే మార్చి దాకా కుదరదని విక్రాంత్ చెప్పాడుగా. పాప బెంగపడుతోందని, నువ్వే వద్దంటున్నావని... మెయిల్ నిదానంగా పంపిస్తుందిలే అన్నాడు. నీ స్లాట్ వేరే వాళ్లకిద్దామని చూస్తున్నా."

విక్రాంత్ ఫోన్ కోసం చెయ్యి చాచాడు. ఆమె ఒక అడుగు వెనక్కేసింది.

"మన టీములో ఆ జర్మన్ అమ్మాయి సబీనే ఉందిగా సార్. ఆమె వస్తుందో రాదో తెలియాలంటే వాళ్లాయనకి ఫోన్ చేస్తారా?"

"ఛ ఛ, అదేం మాటమ్మా. విక్రాంత్ మనవాడు కదా, కలిసి బ్యాడ్మింటన్ ఆడతాం, మాటల్లో వచ్చింది..."

"ఉద్యోగం నాది సార్. నేను ఏ మెయిలూ పంపలేదు. నా సెలవు ఇవాళ్టితో అయిపోయింది. నేను వస్తున్నాను."

"సరే తల్లీ, సరే. సోమవారం పొద్దున షిఫ్ట్‌కే రా. ఇంకెవరికీ మాటివ్వలేదులే ఇంకా" అని ఆయన గబగబా ఫోన్ పెట్టేశాడు.

విక్రాంత్ మొహం పాలిపోయింది. ముందు నవ్వబోయాడు. "నీ గురించే చేసిన హైమా. ఎంత అలసిపోతున్నవో చూస్తలేనా? నువ్వైతే నోరు తెరిచి అడగవ్, అందుకే నేను..."

"అలసిపోయింది నిజమే. ఇంటి పనికి అలసిపోతే ఇంటి పని అందుకోవాలి గానీ, ఉద్యోగం మానిపిస్తారా ఎవరైనా?"

"పాపకి ఇబ్బందైతదని మా అమ్మ..."

"పాపతో దొంగ ఏడుపు ఏడిపించడం ఇబ్బంది కాదా? తల్లిని చూసి భయపడమని నేర్పడం కాదా?" ఫోన్ ఇంకా చేతిలోనే పట్టుకుని అతని ఎదురుగా నిలబడింది. "నాకు బుర్ర పాడైందన్నావే, అది మాత్రం నేను మర్చిపోను విక్రాంత్. సోమవారం నుంచి పొద్దున స్నిగ్ధని లేపడం, డబ్బా కట్టడం, కీటాకి దింపడం నీ పని. జ్వరమొస్తే ముందు నీకే ఫోన్ వస్తుంది, కీటాలో నీ నంబరే ముందు పెట్టమని చెప్తున్నాను."

అతను ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. ఆమె హాల్లోకొచ్చి మిగిలిన అంచు కుట్టడానికి కూర్చుంది. కుట్లు వంకర పోతున్నా వదల్లేదు. కార్డు మీద స్నిగ్ధ చేతే స్నిగ్ధ బొమ్మ గీయించింది. తన లిప్‌స్టిక్ తీసి పిల్ల పెదవులకి శ్రద్ధగా రాసింది.

కరోనా మూలంగా ఆ ఏడు పిల్లలు మిఠాయిల కోసం ఇల్లిల్లూ తిరగడం లేదు. బిల్డింగులో వాళ్లే తలుపులకి మిఠాయి సంచులు కట్టి ఉంచారు. సాయంత్రం తల్లీకూతుళ్లు మెట్లెక్కుతుంటే పై అంతస్తు శ్రీమతి బెకర్ మాస్కు సర్దుకుంటూ గుమ్మంలో నిలబడింది. ముసలావిడ, ఒకప్పుడు ఆస్పత్రిలో నర్సు.

"నువ్వెవరమ్మా? మంత్రగత్తెవా?" అంది జర్మన్లో.

"కాదు. నేను విలన్‌ని. పాపని వదిలేసి ఆఫీసుకి పోతాను" అంది స్నిగ్ధ గర్వంగా.

ఆవిడ హైమ వైపు చూసింది. మాస్కు పైన ఆ కళ్లు కాసేపు నవ్వలేదు. తర్వాత నవ్వాయి. "అయ్యో, అయితే నేనూ జన్మంతా విలన్నే! రాత్రి డ్యూటీకి బయల్దేరితే నా కొడుకు కాలు పట్టుకుని వేలాడేవాడు."

"మరి పోలేదా?" అంది స్నిగ్ధ.

"పోయాను. పొద్దున తిరిగొచ్చాను. వాళ్ల నాన్న చేసిన మాడిపోయిన పాన్‌కేకులు ముగ్గురం కలిసి తిన్నాం."

స్నిగ్ధ సంచీలోంచి చాక్లెట్ తీసుకుంది గానీ విప్పలేదు. కిందికి దిగుతూ ఏదో లెక్క తేలనట్టు ఆలోచిస్తూనే ఉంది. తమ గుమ్మం ముందు ఆగి తల్లి వేలు పట్టుకుంది.

"మామా, మరి సోమవారం నేను ఏడ్వాల్నా, వద్దా?"

హైమ మెట్టు మీద కూర్చుని కూతురి మెడలో కార్డు సరిచేసింది. "నిజంగా ఏడుపొస్తే ఏడువు. రాకపోతే మానెయ్. నేను మాత్రం వెళ్తాను, సాయంత్రం వచ్చేస్తాను."

స్నిగ్ధ ఇంకాస్త ఆలోచించింది. తలుపవతల విక్రాంత్ వాళ్లమ్మతో ఫోన్లో గుసగుసలాడటం ఇద్దరికీ వినపడుతూనే ఉంది.

"నాన్న ఏడిస్తే?"

"అప్పుడూ వెళ్తాను" అంది హైమ.