ఉప్పునీళ్ళ సూది

దిండు గలీబులు మరిగే నీళ్ళలో వేసి కర్రతో తిప్పుతుంటే మా ఆయన తలుపు దగ్గర నిలబడి, "ఇంకా ఈ చాకిరీ ఎందుకు నీకు? ఇంజెక్షన్ పనిచేస్తోందిగా" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆయన మాటలు చాలావరకు ప్రేమగానే ఉంటాయి, అదే చిక్కు. కసురుకుంటే తిరిగి కసురుకోవచ్చు. ప్రేమగా తీసిపారేసిన మాటకి ఏం జవాబు చెప్తాం?

గలీబులు పిండి ఆరేశాను. ఆ సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళాలి. పరిశోధన ముగిసింది. ఏ పిల్లకి ఏ సూది వేశారో చెప్పేస్తామని కబురు పెట్టారు.

మా అమ్మాయిని ఇంట్లో పిచ్చుక అంటాం. పుట్టినప్పుడు గుప్పెడంతే ఉందని అత్తయ్య పెట్టిన పేరు. నడక రాకముందే దానికి ఉబ్బసం వచ్చింది. అందరు పిల్లలకూ వచ్చి పోయే రకం కాదు, మొండి రకం. ఛాతీలో పిల్లికూతలు, డొక్కలు ఎగరెయ్యడం, మాట మధ్యలో ఆగిపోయి నావైపు చూడటం. ఆ చూపుకి భయపడే నేను ఉద్యోగం మానేశాను. మట్టి పరీక్షల లాబ్‌లో పని నాది. రైతులు సంచుల్లో తెచ్చిన మట్టిని జల్లించి, ఆరబెట్టి, దానికేం కావాలో చెప్పేదాన్ని. "మట్టికేం, ఎవరైనా చూసుకుంటారు. పిల్లకి తల్లే కదా" అన్నాడు మా ఆయన. అదీ ప్రేమగానే.

అప్పుడు పెద్దాస్పత్రి డాక్టరమ్మ ఈ పరిశోధన సంగతి చెప్పింది. పిల్లల్లో మొండి ఉబ్బసానికి కొత్త ఇంజెక్షన్. సగం మందికి మందు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికేది పడుతోందో వేసే నర్సుకి కూడా తెలియదు. పీల్చే పాత మందు మాత్రం అందరూ మానకుండా వాడాలి. "మా పిల్లకి అసలుది పడేలా చూడండమ్మా" అని మా ఆయన గొంతు తగ్గించి అడిగితే డాక్టరమ్మ నవ్వేసింది. నాకు మాత్రం విషయం చప్పున ఎక్కింది. పక్కపక్కన రెండు మళ్ళు, ఒకదానికి ఎరువు వేస్తాం, ఒకదానికి వెయ్యం. అప్పుడు కదా ఎరువు సత్తా తెలిసేది.

సూది పడటం మొదలయ్యాక పిచ్చుక మెల్లగా తెరిపిన పడింది. అర్ధరాత్రి ఆస్పత్రి పరుగులు తగ్గాయి. మెట్లు ఎక్కి పైనుంచి నన్ను కేకేసింది ఒకరోజు. ఇంటిల్లిపాదీ ఆ ఇంజెక్షన్‌కి దండం పెట్టాం. నేను అందరికంటే ముందు పెట్టాను.

వెళ్ళిన ప్రతిసారీ నర్సమ్మ ఒకే ప్రశ్న అడిగేది. "ఇంట్లో ఏమైనా మారిందామ్మా?" అంటే ఇల్లు మారారా, కొత్తగా కుక్కనో పిల్లినో పెంచుతున్నారా, అలాంటివన్నీ. "ఏమీ లేదండీ" అనేదాన్ని. నిజంగానే ఏమీ లేదనుకున్నాను. పని మార్పెలా అవుతుంది? పని పనే కదా.

సాయంత్రం ఆస్పత్రిలో డాక్టరమ్మ కవరు చింపి చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మీ పాపకి పడింది ఉప్పునీళ్ళు."

పిచ్చుక కుర్చీలో కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది.

"మందు పడిన పిల్లలకి బాగా తగ్గింది. అందులో అనుమానం లేదు. కానీ నీళ్ళు పడినవాళ్ళలో కూడా కొందరికి మేం అనుకున్నదానికంటే బాగుంది. ఎందుకో తెలుసుకోవాలి మేము" అంది ఆవిడ. తెలియనిదాన్ని తెలియదని చెప్పే మనిషి. ఆవిడంటే నాకు అందుకే ఇష్టం.

మా ఆయన ముఖం విప్పారింది. "అంటే దానంతటదే తగ్గిపోయిందన్నమాట."

దారి పొడుగునా ఫోన్లో అందరికీ అదే చెప్పాడు. వాళ్ళ అక్కకి, ఆఫీసులో స్నేహితుడికి. "ఉత్త నీళ్ళేనట. దానంతటదే పోయింది. మా ఆవిడే ఊరికే కంగారుపడేది." వెనక సీట్లో పిచ్చుక నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఊపిరి చప్పుడు లేకుండా వస్తూ పోతూ ఉంది. చప్పుడు లేని ఊపిరిని చెవి ఒగ్గి వినడం నాకు అలవాటైపోయింది. నాకు ఎరువు వెయ్యని మడి గుర్తొచ్చింది. అందులో కూడా పంట పండిందంటే లాబ్‌లో మేం దానంతటదే పండిందని రాసేవాళ్ళం కాదు. నీళ్ళెవరు కట్టారు, కలుపెవరు తీశారు అని అడిగేవాళ్ళం. పొలాన్ని అడిగినదాన్ని ఇంటిని ఎందుకు అడగలేదు నేను?

ఇంటికి రాగానే చెప్పాను. "లాబ్‌లో నా చోటు ఇంకా ఖాళీగానే ఉందట. సోమవారం నుంచి వెళ్తాను."

మా ఆయన చొక్కా గుండీలు విప్పుతున్నవాడు ఆగాడు. "మరి పిచ్చుకని ఎవరు చూస్తారు?"

"దానంతటదే తగ్గింది కదా."

"నేనన్నది అది కాదు. నువ్వు లేకపోతే మళ్ళీ తిరగబెడితే?"

"నేనుంటే తిరగబెట్టదా? ఎందుకని?"

అత్తయ్య మూలన కూర్చుని మనవరాలి గౌనుకి కుట్లు వేస్తోంది. ఒకప్పుడు, ఎంతసేపూ గుడ్డలుతకడమేనా, ఇల్లు నీళ్ళలో నానిపోతుందేమో అని నన్ను ఎత్తిపొడిచిన మనిషే. దారం పళ్ళతో తెంపి తల ఎత్తకుండానే అంది.

"నేను కాపురానికొచ్చి ఇన్నేళ్ళయిందిరా. దానంతటదే ఉడికిన అన్నం ఈ ఇంట్లో ఒక్క పూట చూళ్ళేదు."

మా ఆయన కుర్చీలో కూలబడ్డాడు. నేను ఫోన్ తీసి నర్సమ్మకి చేశాను.

"ఇంట్లో ఏమైనా మారిందా అని అడిగేవారు కదండీ మీరు. తప్పు చెప్పాను. ఇప్పుడు చెప్తాను, రాసుకుంటారా?"

"చెప్పమ్మా" అంది. కలం మూత తీసిన చప్పుడు వినిపించింది.

చెప్పాను. సూదులు మొదలైన రోజుల్లోనే దుప్పట్లూ గలీబులూ మరిగే నీళ్ళలో ఉతకడం మొదలుపెట్టానని. అత్తయ్య పాత దూది పరుపు బతిమాలి బయట పడేయించానని. చీపురు మానేసి తడిగుడ్డతోనే ఇల్లు తుడుస్తున్నానని. బీరువా వెనక చెమ్మకి పట్టిన బూజు గీకి సున్నం కొట్టానని. సిగరెట్ కాల్చి వచ్చిన మనిషి పిల్లని ఎత్తుకోబోయే ముందు మార్చుకోవడానికి వేరే చొక్కా తలుపు వెనక మేకుకి తగిలించి ఉంచుతానని. అంతకుముందు పిచ్చుక పీల్చే మందు సగం గాల్లోకి వదిలేసేదనీ, నీళ్ళలో మునిగినట్టు ఊపిరి ఆపే ఆట నేర్పి గొట్టంలోంచి నిదానంగా పీల్చి ఊపిరి బిగబట్టేదాకా పొద్దునా సాయంత్రం పక్కనే కూర్చున్నాననీ. చెప్తుంటే నాకే ఆశ్చర్యం, ఇంత ఉందా అని.

మా ఆయన తలుపు వెనక మేకు వైపు చూస్తున్నాడు. ఆ చొక్కా అక్కడ ఎందుకుంటుందో ఆయన ఇన్నాళ్ళూ అడగలేదు. ఉతికి ఉందని తొడుక్కునేవాడు, అంతే. మెల్లగా లేచి, ఒంటి మీది చొక్కా విప్పి, మేకుకున్న చొక్కా అందుకున్నాడు.

నర్సమ్మ అంతా రాసుకుంది. తర్వాత అలవాటుగా, వెళ్ళిన ప్రతిసారీ అడిగినట్టే అడిగింది.

"ఇంకేమైనా మార్పు ఉందామ్మా ఇంట్లో?"

"ఉందండీ" అన్నాను. "సోమవారం నుంచి ఇవన్నీ పిల్ల తండ్రి చేస్తాడు."