మూడో అంతస్తు బట్టల మిషను

విశ్వవిద్యాలయంలో నీతిశాస్త్రమూ నాగరికతా చదువుతున్నానని చెప్పినప్పుడు అతనికి ఇంట్లో జరిగిన సన్మానం అంతా ఇంతా కాదు. పైపులూ మేకులూ అమ్మే కొట్టులో స్టూలు మీద కూర్చుని ఉన్న అక్క మొగుడు, చేతిలో ఉన్న బోల్టుకి నట్టు బిగించడం ఆపి మరీ అడిగాడు.

"నాగరికతంటే ఏంట్రా బావమరిదీ? అది కిలోల లెక్కా, మీటర్ల లెక్కా?"

"మనుషులు కలిసిమెలిసి బతికే పద్ధతి బావా."

"మీ అక్కతో నేను చేస్తున్నదదే కదరా! నాకెవడూ పట్టా ఇవ్వలేదే!"

నవ్వులాట నవ్వులాటే, మాట మాటే. ఈసారి పరిశోధన సీటు వస్తే చదువుకో, రాకపోతే వచ్చి ఈ స్టూలెక్కు అని బావ తేల్చేశాడు. అక్క కూడా అడ్డు చెప్పలేదు. సీటు ఇచ్చేది సోమవారం పొద్దున పదింటికి జరిగే మౌఖిక పరీక్షలో.

హాస్టల్లో అతన్ని పన్నాలు అంటారు. మొదట నీతిపన్నాలు అనేవారు. అంత పొడుగు పిలవడానికి ఎవరికీ ఓపిక లేక తోక మిగిల్చారు. టీ తాగుదాం రారా అంటే, టీ తాగడంలో మనిషికున్న బాధ్యత గురించి మాట్లాడి, టీ తాగి, కప్పు కడక్కుండా వెళ్ళిపోయే రకం. అతను రాసిన పరిశోధన వ్యాసం పేరు 'అపరిచితుడి పట్ల మన బాధ్యత'. తలకింద పెట్టుకుంటే మెడ పట్టేసేంత లావు. అందులో మూడో అధ్యాయం మొత్తం ఒకటే మాట: ఎట్టి పరిస్థితిలోనూ మనిషి అబద్ధమాడరాదు.

మింగ మెతుకు లేదుగానీ మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, ఇంత లావు వ్యాసం రాసినవాడికి పరీక్షకు వేసుకోదగ్గ చొక్కా ఒక్కటే ఉంది. తెల్లది. శుక్రవారం సాయంత్రం దాన్ని తొడుక్కుని అద్దం ముందు నిలబడి, "యావత్ మానవజాతి" అంటూ చేతులు బారచాచాడు. కుడిచేతిలో టీ కప్పుందన్న సంగతి మానవజాతి ధ్యాసలో మరిచిపోయాడు.

మూడో అంతస్తులో ఉన్నదొక్కటే బట్టలుతికే మిషను. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసుండే ఆ అంతస్తంతా నీతీ నాగరికతా చదివేవాళ్ళే, చివరి గదిలో ఒక్కడు తప్ప. కింద అంతస్తు ఇంజనీరింగు వాళ్ళకీ అలాంటి మిషనే ఉంది. వాళ్ళకు నియమాల్లేవు. ఉతకడం అయిపోయిన బట్టలు ఎవరివైనా సరే, తరవాత వచ్చినవాడు తీసి బుట్టలో కుమ్మరించి తనవి వేసుకుంటాడు. లోదుస్తులైనా అంతే. అది చూసి పన్నాలుకు కడుపు తరుక్కుపోయింది. మూడో అంతస్తు వాళ్ళందరినీ కూర్చోబెట్టి, మూడు సమావేశాలు నడిపి, మిషనుకు ఒక రాజ్యాంగం రాయించాడు. యజమాని అనుమతి లేకుండా పరాయివారి బట్టలు ముట్టరాదు; బట్టలు మనిషి గౌరవంలో భాగం. ఆ వాక్యం తనదే. దాన్ని అట్టకు అంటించి మిషను పైన గోడకు కొట్టాక, రాజుగారు కోట చూసుకున్నట్టు రోజుకోసారి వెళ్ళి చూసుకునేవాడు.

శనివారం పొద్దున చొక్కా పట్టుకుని వెళ్తే మిషను నిండా ఎవరివో బట్టలున్నాయి. ఉతకడం ఎప్పుడో అయిపోయింది. అద్దానికి ఒక మేజోడు అతుక్కుని లోపలినుంచి చూస్తోంది. మధ్యాహ్నం వెళ్తే అదే మేజోడు. సాయంత్రం వెళ్తే మళ్ళీ అదే. పన్నాలు ఒక నోటీసు రాశాడు. 'గౌరవనీయులైన బట్టల యజమానికి' అని మొదలుపెట్టి, అందమైన చేతిరాతతో, పేజీకి రెండు వైపులా.

ఆదివారానికి మిషనులోంచి కుళ్ళిన గడ్డి వాసన రావడం మొదలైంది. అత్యవసర సమావేశం పెట్టారు. కప్పు మీద చెంచాతో కొట్టి సభను అదుపు చేసే, అందరూ అధ్యక్షురాలని పిలిచే అమ్మాయి ఎప్పటిలాగే చెంచా ఎత్తింది.

"ఒక్కొక్కరే మాట్లాడండి. బట్టలు మీలో ఎవరివి?"

ఎవరివీ కావు.

"అసలవి బట్టలేనని మనకెలా తెలుసు?" అన్నాడు సందేహం. హాస్టల్లో అతని పేరు అదే, దానికి తగ్గట్టే బతుకుతున్నాడు.

"నోర్ముయ్యరా, వాసన వస్తుంటే!"

"వాసన సాక్ష్యమా?"

మొదటి ఏడాది అమ్మాయొకతె వెనకనుంచి, "తీసి బకెట్లో వేస్తే పోలా?" అంది. పెళ్ళిలో చావు కబురు చెప్పినట్టు అందరూ ఆమె వంక చూశారు. ఆమె ఊరుకోలేదు. "పోనీ, కింద మిషనులో ఉతుక్కో అన్నా."

"ఆ ఆటవికుల మిషనులోనా? అప్పుడు మన రాజ్యాంగం ఓడిపోయినట్టు కాదూ?" అన్నాడు పన్నాలు.

"చేత్తో ఉతుక్కో మరి! సబ్బు నేనిస్తా!"

పన్నాలు ఆమెను జాలిగా చూశాడు. "సమస్య చొక్కాది కాదమ్మా. సూత్రానిది."

సభలో చప్పట్లు పడ్డాయి. టీ మరక మాత్రం సూత్రాన్ని లెక్కచెయ్యకుండా ఇంకొంచెం ముదిరింది.

"మూలగది రాలేదుగా?" అని ఎవరో అన్నారు. చివరి గది కుర్రాడికి ఆ అంతస్తులో పేరు అదే. రాళ్ళ గురించి చదువుతాడు. రాళ్ళలాగే మాట్లాడడు.

"అతనెప్పుడొచ్చాడు గనక," అంది అధ్యక్షురాలు. "తలుపు కింద నోటీసు తోసేస్తే సరి."

తోసే పని పన్నాలుదే. మొదటి నోటీసు నకలొకటి, కాస్త ఘాటుగా రాసిన రెండోదొకటి తోశాడు. రాత్రి భోజనాలకు ముందు మూడోది తోశాడు. 'మీ మౌనం సామాజిక ఒప్పందానికి వెన్నుపోటు' అన్న వాక్యం అందులోదే. ప్రతిసారీ మునివేళ్ళ మీద వచ్చి, కాగితం తోసి, మునివేళ్ళ మీదే వెళ్ళిపోయాడు. ఎదురుపడి నిలదీయడం అవతలివాడి గౌరవానికి భంగమని అతని నమ్మకం. భయం కూడా కొంత ఉందనుకోండి, కానీ నమ్మకమని రాస్తే చదవడానికి బాగుంటుంది.

సోమవారం పొద్దున ఇక ఆగలేకపోయాడు. స్నానం చేసి, మరక చొక్కాయే తొడుక్కుని, తిట్లన్నీ వరసగా పేర్చుకుని మూలగది తలుపు కొట్టాడు. గడియ వేసిలేదు. తలుపు దానంతటదే తెరుచుకుంది. మూడు నోటీసులూ గడప లోపల పడినవి పడినట్టే ఉన్నాయి. కిటికీ మీద రకరకాల రాళ్ళు. మంచం మీద మూలగది, దుప్పటి సగం నేల మీద, పెదాలు అట్టలు కట్టి, కళ్ళు సగం మూసి.

"చూడు మిత్రమా," అని మొదలైన ప్రసంగం అక్కడే ఆగింది. నుదుటి మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టుంది. ఆ క్షణాన పన్నాలు గుండెలో కరుణ పొంగిందని చెప్పాలని ఉంది. పొంగింది మాత్రం, 'పదింటికి పరీక్షరా దేవుడా' అన్న మాట.

కేక వేస్తే అందరూ వచ్చారు. అధ్యక్షురాలు చెంచాతోనే వచ్చింది.

"వార్డెనుకు తెలియజేయాలి," అంది.

"ముందు ఇది జ్వరమేనా అని..." అన్నాడు సందేహం.

"టాక్సీ పిలిపించా, కింద ఉంది. కాళ్ళు పట్టండి!" అంది మొదటి ఏడాది అమ్మాయి.

తలో చెయ్యీ వేసి దింపారు. టాక్సీ దగ్గర ఒక చిక్కు వచ్చింది. కాళ్ళు పట్టినవాళ్ళు కాళ్ళు లోపలికి తోసి వెనక్కి జరగొచ్చు. తల పట్టినవాడికి ఆ వీల్లేదు. ముందు తను సీట్లోకి దూరి, తరవాత తలను లోపలికి లాక్కోవాలి. తల పట్టింది పన్నాలు. దూరాడు. ఎవరో తలుపు వేసేశారు. అతని త్యాగానికి పూర్తి వివరం ఇదే.

ఆస్పత్రిలో నర్సు గబగబా అడిగింది.

"పేషెంటు పేరు?"

"మూలగది."

"ఏంటి?"

రెండేళ్ళుగా పక్క పక్క గదులు. అపరిచితుడి మీద అంత లావు వ్యాసం. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అపరిచితుడి కోసం లైబ్రరీ అంతా వెతికినవాడికి వీడి పేరు తెలీదు. చివరికి కుర్రాడి జేబులో గుర్తింపు కార్డు దొరికితే చూసి చదివాడు.

"నువ్వేమవుతావు? అన్నవా?"

ఆ కంగారులో అవునన్నట్టు తల ఊగింది.

"బాగుందయ్యా అన్నగారూ, తమ్ముడి పేరు కార్డు చూసి చెప్తున్నావు! ఎప్పట్నుంచి జ్వరం?"

"శుక్రవారం సాయంత్రం నుంచి అయ్యుంటుందండీ. శనివారం పొద్దున్నించీ బట్టలు తియ్యలేదు."

నర్సు కలం ఆగింది. "అంత కచ్చితంగా తెలిసినవాడివి, ఇవ్వాళా తీసుకొచ్చేది?"

నర్సు సూది గుచ్చి, సెలైను పెట్టి, బాటిలు అయిపోతే పిలవమని, ఇక్కణ్ణించి కదిలావంటే ఊరుకోనని చెప్పి వెళ్ళింది. పన్నాలు స్టూలు మీద కూర్చున్నాడు. గోడ గడియారం పది దాటింది. లేచి పరిగెత్తవచ్చు. కానీ నర్సు బల్ల తలుపుకి ఎదురుగానే ఉంది. నీతికి కట్టుబడి ఉండిపోయాడా, నర్సుకి జడిసి ఉండిపోయాడా అంటే, ఆవిడ గొంతు విన్నవాళ్ళెవరూ ఆ ప్రశ్న అడగరు.

ధైర్యం కూడగట్టుకుని, పరీక్ష నడిపే ప్రొఫెసరమ్మకు ఫోను చేశాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అవతల పెద్ద నిట్టూర్పు వినబడింది.

"నాయనా, నీతిశాస్త్రం కుర్రాడు, పరీక్ష రోజు పొద్దున, దిక్కులేని రోగి. ఎంత చక్కగా కుదిరిందో! కిందటేడు ఒకడికి రోడ్డు దాటలేని ముసలమ్మ దొరికింది. ముందటేడు ఒకత్తెకు నూతిలో పడ్డ కుక్కపిల్ల. నీకేమో రోగి. వేరే విభాగంలో పిల్లలు హాయిగా బస్సు తప్పిపోయిందంటారు. నిజం చెప్పు."

"నిజమేనండీ మేడం..."

"ఇంకొక్క అవకాశం ఇస్తున్నాను. నిజం చెప్పు."

పన్నాలు కళ్ళముందు కొట్టూ, మేకుల డబ్బాలూ, బావ మొహమూ వరసగా తిరిగాయి.

"నిద్రపోయానండీ," అన్నాడు.

"అదీ! చూశావా, నిజం చెప్తే ఎంత తేలిగ్గా ఉంటుందో! నాలుగింటికి రా. బయటినుంచి వచ్చిన పరీక్షకుణ్ణి నేను ఆపుతాను."

ఫోను పెట్టేసి చూస్తే మూలగది కళ్ళు తెరిచి ఉన్నాడు.

"నువ్వు... నోటీసుల అబ్బాయివి కదూ?" గొంతు గీరుకుపోయింది.

"అవును."

"కాగితం తోస్తుంటే చప్పుడు వినబడింది. కాసిన్ని మంచినీళ్ళు అడుగుదామనుకున్నా. పిలిచా కూడా. ఈలోపు వెళ్ళిపోయావు."

పన్నాలు గ్లాసులో నీళ్ళు పోసి, తల ఎత్తి పట్టుకుని తాగించాడు. సగం దిండు మీద పడ్డాయి. అద్దం ముందు ఎంత సాధన చేసినా, మనిషికి నీళ్ళు తాగించడం అతనికి చేతకాలేదు.

మూడున్నరకు మొదటి ఏడాది అమ్మాయి వచ్చింది. "నేనుంటా, నువ్వెళ్ళు. ఆ మిషను ఖాళీ చేశా. బట్టలు మళ్ళీ ఉతికి ఆరేశా. నీ రాజ్యాంగం ఊడి కింద పడింది, అంటించలేదు," అంది.

పరీక్ష గదిలో బయటి పరీక్షకుడు, చెవుల మీద తెల్ల వెంట్రుకలున్న పెద్దాయన, వ్యాసాన్ని బరువు చూస్తున్నట్టు చేతిలో ఊపుతున్నాడు. ప్రొఫెసరమ్మ మురిసిపోతూ పరిచయం చేసింది.

"ఈ అబ్బాయి నిద్రపోయానని నిజాయితీగా ఒప్పుకున్నాడండీ. మా విభాగంలో ఇలాంటివాళ్ళు అరుదు."

"సంతోషం," అన్నాడాయన. "మూడో అధ్యాయంలో, ఏ పరిస్థితిలోనూ అబద్ధం కూడదన్నావు. ఇప్పటికీ అదే మాటేనా?"

అవునంటే సీటు. పన్నాలు అవుననడానికే నోరు తెరిచాడు. కానీ పొద్దుటి గ్లాసు చప్పుడు, సగం పోయి సగం మింగిన నీళ్ళ చప్పుడు, ఆ మాటకు అడ్డం పడింది.

"కాదండీ. నేను నిద్రపోలేదు. ఆస్పత్రిలో ఉన్నాను. మేడం నమ్మలేదని నిద్రపోయానన్నాను."

"మళ్ళీ మొదలెట్టావా?" అంది ప్రొఫెసరమ్మ. "ఇందాక చెప్పింది నిజమా, ఇప్పుడు చెప్పేది నిజమా?"

"మొదటిదీ మూడోదీ అండీ. మధ్యదే అబద్ధం."

పెద్దాయన వ్యాసం బల్ల మీద పెట్టాడు. "ఆ కుర్రాడికిప్పుడెలా ఉంది?"

పొద్దున్నుంచీ ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. "జ్వరం కాస్త దిగిందండీ. నీళ్ళు తాగుతున్నాడు. మా హాస్టలమ్మాయి దగ్గరుంది. మందులు తేవాలి."

"తేవాలంటే మరి ఇక్కడ కూర్చున్నావేం?"

అది పరీక్ష ప్రశ్నో, గెంటివేతో పన్నాలుకు తెలియలేదు. లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, సిగ్గు చంపుకుని వెనక్కి తిరిగాడు. "మరి... సీటండీ?"

"ఇస్తాను," అన్నాడు పెద్దాయన. "ఆ మూడో అధ్యాయం చించేసి కొత్తది రాస్తేనే. రాయకపోతే వెనక్కి తీసుకుంటా."

"ఇంతకీ నిద్రపోయావా, లేదా?" అని ప్రొఫెసరమ్మ అడగడం మెట్ల దాకా వినిపిస్తూనే ఉంది.

ఆస్పత్రిలో నర్సు చీటీ చేతిలో పెట్టి, కింద కౌంటరులో మందులు తెమ్మంది. అక్కడ పొడుగాటి వరస. పన్నాలు చివర నిలబడ్డాడు. తన వంతు దగ్గరపడుతుండగా బ్రీఫ్‌కేసు పట్టుకున్న ఒకాయన దర్జాగా వచ్చి ముందు దూరాడు. వరస అంటే ఏమిటి, నాగరికతలో దాని స్థానం ఏమిటి, పన్నాలు గంటసేపు చెప్పగలడు.

"ఏమయ్యోయ్, వెనక్కి రా!" అని అరిచాడు. "పైన మా తమ్ముడు జ్వరంతో ఉన్నాడు!"