తిండి మడి బియ్యం

యూసుఫ్‌ను చూస్తే నాకు కడుపుమంట. కొత్తచెరువు పక్కన మా రెండు పొలాలకూ మధ్య ఒకే గట్టు, ఒకే బోరు, వంతులవారీ నీళ్లు. అయినా వాడి వరే పచ్చగా కనబడేది. వాడు ఎకరాకు మూడు మూటల ఫాస్ఫేటు వేస్తే నేను నాలుగు వేశాను.

"ఆకలి మడికా, నీకా?" అంది నా భార్య మారెమ్మ.

నాకే. అబద్ధమెందుకు?

మూడేళ్లుగా పుట్టపర్తిలో ఒక పెద్ద భోజనశాల వాడి బియ్యమే కొంటోంది. ఊరంతా 'యూసుఫ్ బియ్యం' అంటుంది. నా బియ్యానికి పేరే లేదు.

ఈ ఏడు ఆ భోజనశాల మేనేజరు కొత్త మాట చెప్పాడు. ఫాస్ఫేటు ఎరువుల్లో కాడ్మియం అనే లోహం కొద్దికొద్దిగా ఉంటుందట. ఏళ్ల తరబడి వేస్తే నేలలో పోగవుతుందట. కోతకు ముందే మడి ఆరితే వరి దాన్ని మరీ పీల్చుకుంటుందట. అది తిన్నవాళ్లకు మెల్లగా మూత్రపిండాలు చెడతాయట. బోరు వట్టిపోయి మా ఇద్దరి మడులూ ముందే ఆరిపోయాయి. ఇద్దరూ తలా ఒక కిలో ల్యాబుకు ఇవ్వండి, నెగ్గినవాళ్లవే కొంటాం అన్నాడు.

మా వైపు ఎరువులేసిన బియ్యం అమ్ముతాం, ఇంట్లో తినడానికి వేరే చిన్న మడి పెట్టుకుంటాం. దానికి పశువుల పేడ తప్ప ఏమీ వేయం. నేను ల్యాబుకు ఆ తిండి మడి బియ్యం కట్టిచ్చాను. యూసుఫ్ నీళ్లు చాలక ఈ ఏడు తిండి మడి వేయలేదు.

నావి నెగ్గాయి, వాడివి పోయాయి. ఆ సాయంత్రం పని లేకపోయినా వాడి ఇంటి ముందు రెండుసార్లు నడిచాను.

లారీ వచ్చే రోజు పొద్దున్నే యూసుఫ్ వచ్చాడు. పోట్లాడతాడనుకుని సంబరపడ్డాను.

"అంజినప్పన్నా, నా బియ్యంలో ఇసముండాదంట. నా కూతురు షీరీన్ ఏడో నెలతో పుట్టింటికి వచ్చుండాది. నీ బియ్యం మంచివని కాగితమే చెప్తాండాది. లోడు పోకముందే నాలుగు మూటలు ఇయ్యన్నా."

"పోయినేటి తిండి బియ్యం కిలో అయినా లేకపోయినాయా, ల్యాబుకిచ్చేదానికి?" అన్నాను.

"కిలో రెండు కిలోలు ఉన్నెన్నా. వాళ్లు కొనేది అవి కాదు కదా?"

అంతవరకూ వాడి పంటను చూసి ఏడ్చాను. ఆ మాట విన్నాక మనిషిని చూసి ఏడుపొచ్చింది.

వాడు లోడు మూటల్లోంచి ఒకటి భుజానికెత్తుకున్నాడు.

"దించప్పా," అన్నాను. "కాగితం ఆ మూటలది కాదు. మా తిండి మడిది."

వాడు దించాడు. తిట్టలేదు.

"మరి లోడు పంపుతావా?" అని మాత్రం అడిగాడు.

మారెమ్మ లోపల్నుంచి తిండి బియ్యం మూట ఈడ్చుకొచ్చి వాడి ముందు పెట్టింది. ఇంట్లో ఉన్నవే రెండు మూటలు. వాడు ఎత్తుకుని వెళ్లిపోయాడు.

వాడైతే ఆ ప్రశ్నకు ఆలోచించేవాడు కాదు. నేను లారీ మలుపు తిరిగి మా వీధిలోకి వచ్చేదాకా ఆలోచించి, అప్పుడు లేచి అది లోపలికి రాకుండా గేటుకు గొళ్లెం పెట్టాను.