ముల్లు తీసుకునే అప్సరస

మా ఆయన శిల్పి. గుడి స్తంభం మీద పెట్టడానికి ఒక అప్సరసను చెక్కుతున్నాడు. ఆవిడ ఎడమకాలి మీద నిలబడి, కుడికాలు పైకెత్తి, అరికాలిలో ముల్లు తీసుకుంటూ ఉంటుంది. ఆ భంగిమ కోసం నన్ను నిలబెట్టాడు. నేనేమో బట్టల కొట్లో పది గంటలు నిలబడి వస్తాను. కొట్లో ఒక స్టూలు ఉంది, అది కొనడానికి వచ్చేవాళ్ళకి. ఇంటికొస్తే మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు ఈ ఒంటికాలి కొలువు. పన్నెండు సాయంత్రాలు గోడ పట్టుకుని నిలబడ్డాను. "కదలకు" అనడమే తప్ప, "అలిసిపోయావా" అని అడిగిన పాపాన పోలేదు.

పదమూడో రోజు సాయంత్రం, గుడి పనంతా చూసే స్థపతి వచ్చాడు. మా ఆయన బొమ్మ మీద గుడ్డ తీశాడు. నేనూ ఆ మొహాన్ని అప్పుడే సరిగ్గా చూశాను. కళ్ళ కింద ఉబ్బు, కిందికి జారిన పెదవుల చివరలు. అది నేనే. అడగకపోతేనేం, అన్నీ చూశాడన్నమాట. సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

"ఏంటయ్యా ఈ ఏడుపు మొహం?" అన్నాడు స్థపతి. "అప్సరసలకి చెమట పట్టదు, రెప్ప పడదు, కాళ్ళు నేలకి ఆనవు. అలుపెక్కణ్ణించి వస్తుంది? రేపు పొద్దుటికి నవ్వుతూ ఉండాలి. లేదంటే ఇంకొకళ్ళ చేత చెక్కిస్తా."

నాకు ఒళ్ళు మండింది.

"కాళ్ళు నేలకి ఆనకపోతే ముల్లెలా గుచ్చుకుందండీ?"

"నాకే శాస్త్రం చెప్తున్నావా తల్లీ!" అని స్థపతి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మా ఆయన ఉలి అందుకున్నాడు. రాతిలో తీసేసింది మళ్ళీ అతకదు. ఆ మొహం పోతే ఇక పోయినట్టే.

"ఒక్కసారి నిలబడు. కాస్త నవ్వు," అన్నాడు.

కాలెత్తాను. కొట్లో పొద్దస్తమానం అందర్నీ చూసి నవ్వే ఆ నవ్వు కూడా రాలేదు. ఎడమ మోకాలు వణకసాగింది.

మా ఆయన బొమ్మ వంక చూశాడు, నా వంక చూశాడు. ఉలి కింద పెట్టి, తను కూర్చునే పీట నా వైపు జరిపాడు.

"కూర్చో."

"మరి రేపాయనొస్తే?"

"ఇంకెవరి చేతైనా చెక్కించుకోనీ. నేను దీన్ని ముట్టుకోను. నిలబడ్డానికి ఇది ఉందిగా, నువ్వు కూర్చో."

కూర్చున్నాను. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. భుజాలు అదిరిపోయేలా ఏడ్చాను. ఈసారి "కదలకు" అనలేదు.