తప్పు వేడి చెప్పిన తీగ

నేను ఒక ఉష్ణోగ్రత కొలిచే తీగను. వరంగల్‌లోని ఒక ప్రయోగశాలలో టెక్నీషియన్ ఐలయ్య రెండు వేర్వేరు లోహపు తీగల కొసలు కలిపి అతికించి నన్ను తయారుచేశాడు. అతికిన చోట వేడి తగిలితే నాలో ఇసుమంత కరెంటు పుడుతుంది. మీటరు దాన్ని అంకెగా చూపిస్తుంది. నాకు తెలిసిన విద్య అదొక్కటే.

గాలి తోడేసిన ఉక్కు ఛాంబర్‌లో, గాజు పలకను పట్టి ఉంచే రాగి పీఠానికి నన్ను స్క్రూతో బిగించారు. కింద చిన్న గిన్నెలో పొడి కాగి, ఆవిరై, గాజు మీద పలుచని పొరగా పేరుకుంటుంది. ఆ పొడి అణువులు పొడుగాటి పుల్లల్లాంటివి. గాజు మీద వరుసగా పడుకుంటే, ఆ పొరతో చేసిన దీపం బాగా వెలుగుతుంది. చిందరవందరగా నిలబడితే వెలుగు చాలావరకు లోపలే చిక్కుకుంటుంది. అవి ఎలా ఉండాలో తేల్చేది గాజు వేడి. ఆ వేడి ఎంతో చెప్పేది నేను.

పరిశోధక విద్యార్థిని వకుళ డెబ్బై డిగ్రీల దగ్గర మొదటి పొర వేసింది. పరీక్ష ఫలితం చూడగానే తల్లికి ఫోన్ చేసి, "పండుకున్నయే అమ్మా!" అని అరిచింది.

"ఎవరు బిడ్డా?" అని ఆ తల్లి కంగారు పడింది.

ఆ ఫలితం మీద పరిశోధన పేపరు రాసి పత్రికకు పంపారు. ఆ తర్వాతే నా స్క్రూ వదులైంది. పీఠానికి వెంట్రుకవాసి దూరంలో వేలాడాను. గాలి లేని చోట ఆ సందు దాటి వేడి నాదాకా సరిగా రాదు. నేను డెబ్బై అనేదాకా యంత్రం వేడి పెంచుతూనే పోయింది. పీఠం తొంభై ఐదు దాటింది. నాకు తగిలిందే చెప్పాను, కానీ అది నిజం కాదు. నోరు లేదు, చెప్పే దారి లేదు. రోజూ ఆమె నా అంకెను నమ్మి నోటుపుస్తకంలో రాసుకుంటుంటే నాకు బెంగ పట్టుకుంది.

ఐదు పొరలు పాడయ్యాయి. వకుళ అన్నం మానేసి టీలతో గడిపింది. ప్రొఫెసర్ త్రివిక్రమరావు గారు ఒకరోజు మెల్లగా అడిగారు:

"మొదటిసారి నిజంగానే వచ్చిందా అమ్మా?"

ఆమె మొహం పాలిపోయింది. "వచ్చింది సార్."

"శుక్రవారం దాకా చూద్దాం. రాకపోతే పేపరు వెనక్కి తీసుకుందాం."

గురువారం మధ్యాహ్నం ఆరో పొర వేసింది. ఆత్రం కొద్దీ గ్యాసు నింపి ఛాంబర్ తెరిచింది. సన్నని తీగను కాబట్టి గ్యాసు తగలగానే నేను చల్లబడిపోయాను, లావు పీఠం మాత్రం ఇంకా కాలుతూనే ఉంది. మీటరు మీద ముప్పై ఎనిమిది. వద్దని ఎంత అనుకున్నా ఆమె చెయ్యి లోపలికి వచ్చింది.

"అమ్మా!"

ఐలయ్య పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది మేడం? సల్లగనే ఉన్నదని చూపెడుతున్నది గదా!"

వకుళ బొబ్బలెక్కుతున్న వేలిని చూసుకుంది. తర్వాత మీటరును చూసింది. "సల్లగ లేదన్నా," అంది నెమ్మదిగా. "ఆ టార్చి ఇటు తే."

వెలుతురు నా మీద పడింది. పట్టుబడ్డందుకు నాకు ఎంత హాయిగా అనిపించిందో!

"స్క్రూ ఊడింది," అన్నాడు ఐలయ్య. "తీగె పాతదైందని సార్‌కు చెప్దాం."

"వద్దన్నా. పేపరు పంపినంక గాజు మార్చినప్పుడు నా చెయ్యే తగిలింది. చూసుకోలే."

ప్రొఫెసర్‌కు ఆమె అలాగే చెప్పింది. కొత్త తీగ బిగించి మూడుసార్లు పొర వేశారు. మూడుసార్లూ అణువులు పడుకున్నాయి. పేపరు నిలిచింది.

తన థీసిస్‌లో ఆ పాడైన ఆరు పొరల గురించి వకుళ ఒక పేజీ రాసింది. "అవసరమా ఇది?" అన్నారు ప్రొఫెసర్.

"నా తర్వాత వచ్చేటోళ్లకు అవసరం సార్," అంది. ఆయన పేజీ తిప్పారు.

నేను ఇప్పుడు కిటికీ పక్కన తుక్కు డబ్బాలో ఉన్నాను. మధ్యాహ్నం ఎండ నా కొసకు తగులుతుంది. నాలో మళ్లీ ఇసుమంత కరెంటు పుడుతుంది. అది సరైనదేనా అని ఒక్క క్షణం గుబులు పడతాను. నన్ను ఏ మీటరుకూ కలపలేదని గుర్తొచ్చాక, ఎండలో అలా పడి ఉంటాను.