మామయ్య వద్దన్న మూడు ట్రంపెట్లు

మా మామయ్య రాములు అబద్ధం ఆడగా నేనెప్పుడూ చూడలేదు. ఇంటికి చుట్టాలొచ్చి కోడలి వంట ఎట్లుందని మాటవరసకు అడిగితే, "పప్పుల ఉప్పెక్కువైంది" అని నా ముందే చెప్పే మనిషి. అలాంటి మనిషి సికింద్రాబాదులో ఒక దుకాణంలో నిలబడి, నా కళ్లెదుటే, నా పని చెడగొట్టడానికని వరసగా మూడు అబద్ధాలు ఆడాడు. మూడోది బయటపడ్డప్పుడు నాకు నోట మాట రాలేదు. నా నోట మాట రాకపోవడం ఎంత అరుదో మా ఆయన సదాశివను అడిగితే చెబుతాడు.

ఇది తొంభై రెండులో సంగతి. సికింద్రాబాదులో కార్ఖానా అనే పేటలో ఒక మిషన్ స్కూల్లో నేను లెక్కలు చెప్పేదాన్ని. మా సంగీతం టీచరు దేవకృప, మచిలీపట్నం మనిషి, టీచర్లందరినీ పోగేసి ఒక చిన్న బృందం పెట్టాలని పట్టుబట్టింది. హార్మోనియం, గిటారు, డ్రమ్ములు కుదిరాయి. ట్రంపెట్‌కు మనిషి కుదరలేదు. ఒకరోజు స్టాఫ్ రూములో తన ట్రంపెట్ తెచ్చి అందరి చేతా ఊదించింది. అందరికీ ఉత్త గాలే వచ్చింది. నేను ఊదితే ఈనబోయే గేదె అరిచినట్టు ఒక చప్పుడు లేచింది. పక్క క్లాసు పిల్లలు బెంచీలెక్కి తొంగి చూశారు. వరండా ఊడ్చే ఆయమ్మ చీపురు చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది.

మిగతావాళ్లు పడీ పడీ నవ్వుతుంటే నాకు మాత్రం ఒళ్లు ఝల్లుమంది. ముప్పై నాలుగేళ్లు వచ్చాయి, అంత పెద్ద చప్పుడు నేనెప్పుడూ చేయలేదు. చిన్నప్పుడు మెల్లగా నవ్వమన్నారు, పెళ్లయ్యాక మెల్లగా మాట్లాడమన్నారు, స్కూల్లో కూడా పక్క క్లాసుకు వినపడుతోంది, గొంతు తగ్గించమన్నారు. ఈ చప్పుడును తగ్గించమనడానికి ఎవరికీ టైము దొరకలేదు. నాకు ఏడుపొచ్చినంత సంతోషమైంది.

"మీకు ఊపిరుందండీ జగదాంబగారూ," అంది దేవకృప. "సొంతది కొనుక్కోండి. సోమవారం నుంచి ప్రాక్టీసు. మీరు రాకపోతే ఆ చోటు డ్రిల్లు మాస్టారికి ఇచ్చేస్తాను."

డ్రిల్లు మాస్టారి సంగతి నాకు తెలుసు. ఆయన దేన్నయినా ఈల ఊదినట్టే ఊదుతాడు.

ట్రంపెట్ ఎలా ఎంచుకోవాలో నాకేం తెలుసు? మెరుస్తుంటే మంచిదనుకునే రకం నేను. మా పుట్టింట్లో ఎవరూ ఏదీ ఊదలేదు. మా నాన్న సీతాఫల్‌మండిలో రైల్వే గుమాస్తా. కానీ మా ఇంట్లోనే నలభై ఏళ్లు ట్రంపెట్ ఊదిన మనిషి ఉన్నాడు. మా మామయ్య పెళ్లి బ్యాండులో పెద్ద బాజా మనిషి. వాళ్లు ట్రంపెట్‌ను బాజా అనే అంటారు. కొడుకుకు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఉద్యోగం రాగానే బాజా అమ్మేశాడట. మేం ఏ.ఎస్. రావు నగర్‌కు మారాక దాని ఊసెత్తిన పాపాన పోలేదు. మా వీధిలో ఆయన ఏం పని చేసేవాడో ఎవరికీ తెలియదు. నేను అదంతా ఆయన అణకువ అనుకున్నాను.

"నాయినను తోల్కపో. ఆయన చూస్తే ఇగ తిరుగుండదు," అన్నాడు మా ఆయన.

అడిగితే మామయ్య కాసేపు నా మొహంలోకి చూశాడు. "చూద్దాం బిడ్డా," అన్నాడు. లోపల ఎంత పొంగిపోతున్నాడో పైకి చెప్పలేక అలా అన్నాడని నేను మురిసిపోయాను.

శనివారం మధ్యాహ్నం క్లాక్ టవర్ వెనక సందులో ఉన్న రిచర్డ్ దుకాణానికి వెళ్లాం. రిచర్డ్ పాత వాయిద్యాలు కొని, బాగుచేసి అమ్ముతాడు. గోడలకు క్లారినెట్లు, డోళ్లు, నేల మీద తిత్తులు పోయిన హార్మోనియాలు. ఇత్తడి తోమే బ్రాసో వాసన. మామయ్యను చూడగానే రిచర్డ్ చేతిలో ఆకురాయి కింద పెట్టి లేచాడు.

"రాములన్నా, ఎన్నేండ్లయింది నిన్ను చూడక. మల్ల షురూ చేస్తున్నవా ఏందీ?"

"నాకు కాదు. మా కోడలికి చూపియ్," అన్నాడు మామయ్య.

రిచర్డ్ ఒకసారి నన్నూ, ఒకసారి మామయ్యనూ చూశాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు పనికొచ్చేవి మూడు ఉన్నాయంటూ బల్ల మీద బట్ట పరిచి వాటిని పెట్టాడు.

మామయ్య మొదటిది తీసుకున్నాడు. ఆయన వేళ్లు మూడు మీటల మీద పడగానే నాకు ముచ్చటేసింది. పప్పు గిన్నె పట్టుకోవడానికి వణికే వేళ్లు అక్కడ అసలు వణకలేదు. రెండుసార్లు మీటలు నొక్కి, "నడిమి మీట పడుతుంది, లేస్తలేదు. ఇది వద్దు," అని పక్కన పెట్టాడు.

రెండోది ఎత్తి, వెలుతురుకు పట్టి, ముందు గంటలా విచ్చుకున్న మూతి అంచు మీద వేలు నడిపాడు. "ఈడ సొట్ట పడ్డది. స్వరం పగుల్తది. ఇది సుత వద్దు."

నేను మళ్లీ చూశాను. సొట్ట ఉన్న మాట నిజమే, శనగగింజంత. ఎంత తెలివైన మనిషని లోపల్లోపల మెచ్చుకున్నాను. ఆయన లేకపోతే నిలువునా మోసపోయేదాన్ని కదా అని రిచర్డ్ వైపు కొంచెం కోపంగా కూడా చూశాను. రిచర్డ్ మొహం ఎర్రబడింది.

మూడోది అన్నిట్లోకీ పాతది. మెరుపేమీ లేదు. మామయ్య దాన్ని నాకు దగ్గరగా పట్టుకుని, పాఠం చెబుతున్నట్టు చెప్పాడు.

"చూడు బిడ్డా. ఈ పక్క గొట్టం సర్రున లాగితే టప్‌మనాలె. అంటే లోపట గాలి గట్టిగున్నట్టు. అనలేదనుకో, ఏడనో గాలి పోతున్నట్టు."

లాగాడు. చప్పుడు రాలేదు. మళ్లీ పెట్టి మళ్లీ లాగాడు. రాలేదు.

"గాలి పోతుంది. మూడిట్ల ఒక్కటి మంచిది లేదు. పా, పోదాం."

నా ప్రాణం ఉసూరుమంది. సోమవారం డ్రిల్లు మాస్టారు నా చోట్లో నిలబడి ఊదడం కళ్లముందు కనబడింది. "ఇంకెక్కడన్న చూద్దామా మామయ్యా? సుల్తాన్‌బజార్‌ల?" అన్నాను.

"ఏడ చూసినా గిట్లనే ఉంటయి," అన్నాడు ఆయన, చెప్పుల్లో కాళ్లు పెడుతూ.

అప్పుడు రిచర్డ్ బల్ల ఇవతలికి వచ్చాడు.

"రాములన్నా, మీట నొక్కి పట్టి గొట్టం లాగితే టప్‌మంటదా? లోపటికి గాలి పోనే పోతది గద."

మామయ్య కదల్లేదు.

రిచర్డ్ ఆ పాత ట్రంపెట్ తీసుకుని, ఏ మీటనూ ముట్టుకోకుండా, గొట్టం ఒక్కటే లాగాడు. సీసా మూత తీసినట్టు టప్‌మంది. మళ్లీ లాగాడు, మళ్లీ టప్‌మంది.

"ఇది నేను చేతులార చేసిన. మొదటిదానికి రెండు సుక్కల నూనె చాలు. ఆ సొట్టకు స్వరం పగులుడేంది? నీ బాజాకు అంతకు నాలుగింతల సొట్టలుండె. దానితోనే నువ్వు సికింద్రాబాదంత ఊదినవ్. నాకు తెల్సు, నీకు తెల్సు. ఈమెకే తెల్వదు. తెల్వనిదాన్ని ఎందుకు ఆగం చేస్తున్నవ్?"

నేను కొయ్యబారిపోయాను. ఆయన గొట్టం లాగినప్పుడు మీట మీద నొక్కి పట్టిన వేలు నాకు కనిపించింది, రెండుసార్లూ కనిపించింది. అది పని తెలిసిన చెయ్యి అనుకున్నాను. పాఠం చెబుతున్నట్టు చెప్పి, మెత్తగా, బిడ్డా అని పిలుస్తూ నన్ను మోసం చేశాడు. నేనంటే ఆయనకు అంత గిట్టదా అనిపించింది. ఆ వెంటనే కోపం నషాళానికి అంటింది.

"వద్దంటే ఇంట్లనే వద్దనొచ్చు కద మామయ్యా. ఇక్కడిదాక తీస్కొచ్చి అబద్ధాలు చెప్పుడెందుకు?"

"ఇంట్ల అంటే ఎందుకు వద్దని అడుగుతవు," అన్నాడు తల ఎత్తకుండా. "ఎందుకో నా కొడుక్కే చెప్పలే నేను."

"ఇప్పుడు చెప్పండి."

రిచర్డ్ వెనక్కి తగ్గి, ఎవరినీ చూడకుండా, బల్ల మీది బట్ట సరిచేయసాగాడు. మామయ్య చెప్పుల్లో పెట్టిన కాళ్లు అలాగే ఉంచి మాట్లాడాడు.

"మీ స్కూలున్న కార్ఖానలనే ఒక పెండ్లి. పెద్ద బంగ్లా. వాన షురూ అయితే పెండ్లోళ్లంత లోపటికి ఉరికిండ్రు. మేం గేటు కాడ. లోపటికి వస్తమంటే ఆగుమన్నరు. బాజా ఆపుతమంటే ఆపొద్దన్నరు. బాజా మూతిల వాన నీళ్లు పడుతున్నయి, నేను ఊదుతనే ఉన్న. పెండ్లికొడుకు తండ్రికి నేను మంచిగ తెల్సు, ఆయన పెండ్లికి గూడ నేనే ఊదిన. కిటికీలకెళ్లి పిలిచిండు. ఏమని పిలిచిండు? ఏయ్ బ్యాండ్, జెర జోరుగ, అన్నడు. నాకు పేరు లేదా?"

నేను చేతిసంచీ బల్ల మీద పెట్టి ఆయనకు దగ్గరగా జరిగాను.

"అది ఒక్క పెండ్లి కాదు బిడ్డా. నలభై ఏండ్ల ఒక్క పెండ్లింట్ల గూడ నేను గడప లోపట కాలు పెట్టలే. అందరు తిన్నంక ఇస్తరాకులు పడేసే కాడ మాకు పెడుదురు. నిలబడి తిని, నిలబడి ఊది, ఇంటికొచ్చి పడేటోన్ని. సదాశివ పెండ్లికి బ్యాండ్ ఎందుకు పెట్టలేదో ఎరుకేనా? గేటు కాడ ఎవన్ని నిలబెట్టాలె నేను? నా దోస్తులనా?"

మా పెళ్లికి బ్యాండు లేదని మా పుట్టింటివాళ్లు ఈ రోజుకీ దెప్పుతారు. మగపెళ్లివారిది పిసినారి పెళ్లి అని మా మేనత్త ఊరంతా చాటింది. పదేళ్లుగా ఆ మాట విని కూడా ఈ మనిషి ఒక్కసారి నోరు విప్పలేదు. నా ముందు నిలబడ్డ మనిషి నాకు బొత్తిగా తెలియదనిపించింది.

"ఇప్పుడు నా కోడలు, పిల్లలకు పాఠం చెప్పే మనిషి, పోయి గేటు కాడ నిలబడతదా? నా పానం ఉండంగ కానియ్య."

ఆయన దేనికి భయపడుతున్నాడో అప్పటికి గాని నా మట్టిబుర్రకు ఎక్కలేదు.

"గేటు కాడ ఎందుకు నిలబడత మామయ్యా? మాది స్కూలు హాల్ల. స్టేజి మీద కుర్చీలేస్తరు. మేం కూసొని ఊదుతం."

మామయ్య తల ఎత్తాడు. నేను ఆయన్ని ఎగతాళి చేస్తున్నానేమో అన్నట్టు చూశాడు.

"కూసొనా?"

"అవు."

"బాజా?"

"బాజానే."

నా మాట నమ్మక రిచర్డ్ వైపు తిరిగాడు. "కూసొనే అన్నా," అన్నాడు రిచర్డ్. "చర్చిలల్ల, హాల్లల్ల అందరు కూసొనే ఊదుతరు."

మామయ్య నోరు కొంచెం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. వానలో గేటు దగ్గర నిలబెట్టిన సంగతి చెప్పినప్పుడు కూడా ఆయన మొహం అంత చిన్నబోలేదు. నలభై ఏళ్లు చేసిన పనిని ఎక్కడో ఎవరో కుర్చీలో కూర్చుని చేస్తున్నారని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"మరి ఇనేటోళ్లు? వాళ్లు ఏం జేస్తుంటరు?"

"ఏం జెయ్యరు. ఇంటరు."

"తినరా? మాట్లాడుకోరా?"

"మాట్లాడితే మా హెడ్‌మిస్ట్రెస్ బయటికి పంపుతది."

"ఇనేటోళ్లను బయటికి పంపుతదా?" అన్నాడు. నేను తలూపాను. ఆయన ఆ మాట పెదాల మధ్యనే మళ్లీ ఒకసారి అనుకున్నాడు.

రిచర్డ్ తన కుర్చీని బట్టతో తుడిచి ముందుకు జరిపాడు. మామయ్య చెప్పులు విడిచి, కుర్చీ అంచు మీద, ఎవరైనా లేవమంటే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చున్నాడు. ఆ పాత ట్రంపెట్ అడిగి తీసుకున్నాడు. పెదాలు తడి చేసుకుని ఎత్తాడు. ఆయన ఊదగా వినబోవడం నాకు ఇదే మొదటిసారి.

కీచుమని ఒక ముక్క వచ్చి తెగిపోయింది. మళ్లీ ఊదాడు, ఉత్త గాలి. మూడోసారి గీరుకుపోయిన స్వరం ఒకటి పైకి లేవబోయి పడిపోయింది. స్టాఫ్ రూములో మావాళ్లు ఊదినదానికీ దానికీ పెద్ద తేడా లేదు. రిచర్డ్ గోడవైపు తిరిగాడు. నేను ఎక్కడ చూడాలో తెలియక ఆయన పాదాల వైపు చూశాను.

ట్రంపెట్‌లో ఏదో ఒక లోపం చెబుతాడనుకున్నాను. చెప్పి ఉంటే నేను నమ్మినట్టే ఊరుకునేదాన్ని.

"బాజా మంచిదే," అన్నాడు మామయ్య. "దీంట్ల ఏ ఐబు లేదు. కూసుంటే ఊపిరి ఏడికెళ్లి తియ్యాల్నో నాకే తెలుస్తలేదు."

లేస్తాడనుకున్నాను. లేవలేదు. ఇంకొంచెం వెనక్కి జరిగి, కుర్చీ నిండా కూర్చుని, ట్రంపెట్‌ను ఒళ్లో పెట్టుకుని నిమిరాడు.

"తీస్కో బిడ్డా. ఇదే తీస్కో. గని నువ్వు నేర్చినంక, కూసొని ఎట్ల ఊదుతరో నాకు సుత చూపియ్యాలె."

గేదె అరుపు తప్ప ఇంకే స్వరమూ నాకు రాదన్న సంగతి ఆయనకు చెప్పబుద్ధి కాలేదు. "చూపిస్త మామయ్యా," అన్నాను.